తెర మీద గదులు, గడియ లేని తలుపులు

2020 జూలైలో ఒక మధ్యాహ్నం. వ్యాసంలో ఒక వాక్యం సగం రాసి ఆపాను. పాత కథల్లో స్త్రీ మౌనాన్ని అంగీకారంగా చదవడం గురించి ఏదో చెప్పబోతున్నాను. కుక్కర్ మూడో కూత కూసింది. లేచాను. తిరిగి వచ్చేసరికి రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసు మొదలైంది. అవి లాక్‌డౌన్ రోజులు. ఇంట్లో అందరూ వాడుకునే లాప్‌టాప్ ఒకటే, అది నాది. మా ఆయన లాప్‌టాప్ ఆఫీసువాళ్ళది కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోరు. సాయంత్రం నా చోటికి నేను వచ్చి చూస్తే ఫైలు మూసేసి ఉంది. "మార్పులు దాచమంటారా?" అని అది అడిగినప్పుడు ఎవరో "వద్దు" నొక్కారు. ఎవరని అడిగి లాభం లేదు. అడిగితే, "పోయింది ఒక పేరాయేగా, మళ్ళీ రాసుకోవచ్చుగా" అన్నారు. రాసుకున్నాను. కానీ ఆ సగం వాక్యం ఎటు వెళ్ళబోతోందో మాత్రం నాకు ఇప్పటికీ గుర్తు రాలేదు.

ఈ సంగతి చెప్పుకుంటే ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు. "డెస్క్‌టాప్‌ని నీకు తగ్గట్టు సర్దుకో. ప్రొడక్టివిటీ పెరుగుతుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. రెండు రాత్రులు కూర్చుని సర్దాను. ఐకాన్లన్నీ తీసేశాను. కింద ఉన్న పట్టీని పక్కకు జరిపాను. రంగులు మార్చాను, అక్షరాలు పెద్దవి చేశాను, తెరవెనక బొమ్మ మార్చాను. మూడో రోజు పొద్దున చూసుకుంటే తెర అద్దంలా మెరుస్తోంది. వ్యాసంలో ఒక్క అక్షరం కూడా పెరగలేదు. ఇల్లలకగానే పండగ కాదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అయినా ఆ రెండు రాత్రులూ దండగ అని అనుకోను. సర్దుతున్నంతసేపూ నేను సాహిత్య విద్యార్థిని కనక ఆ తెరని ఒక పాఠంలా చదవడం మొదలుపెట్టాను. ఇది ఎవరి బల్ల? దీని మీద కూర్చునేది ఎవరని ఊహించి దీన్ని రాశారు? "పని" అంటే ఇక్కడ ఏమిటి? కథని, కవితని అడిగే ప్రశ్నలే ఇవి. రోజుకి ఆరేడు గంటలు మనం చూస్తూ కూర్చునే ఈ తెరని మాత్రం వీటితో అడగం. అది వస్తువనీ, తటస్థమనీ అనుకుంటాం.

డెస్క్‌టాప్ అన్న మాటలోనే జవాబు ఉంది. 1981లో జిరాక్స్ సంస్థ 'స్టార్' అనే కంప్యూటర్ని విడుదల చేసింది. తెర మీద కాగితాలు, ఫోల్డర్లు, ఫైళ్ళు దాచే సొరుగులు, వచ్చిన ఉత్తరాల బుట్ట, పంపే ఉత్తరాల బుట్ట బొమ్మలుగా కనిపించాయి. ఒక్కొక్కటి పదహారు వేల డాలర్లకు పైనే. కొనగలిగేవి పెద్ద కార్యాలయాలు, వాడాల్సింది వాటిలోని అధికారులు, నిపుణులు. తర్వాత 1983లో యాపిల్ 'లిసా', 1984లో మెకింటాష్, ఆ తర్వాత విండోస్ ఈ బల్లనే ఇళ్ళకు తెచ్చాయి. ఇప్పుడు అది ఎంత సహజమైపోయిందంటే, రూపకమని కూడా తోచదు.

ఈ రూపకంలో ఉన్నవాటితో పాటు లేనివీ చూడాలి. ఆఫీసు బల్ల ముందు కూర్చున్నవాడికి గది ఉంది, గదికి తలుపు ఉంది. వెలుపల ఫోన్లు ఎత్తి, "సార్ మీటింగులో ఉన్నారు" అని చెప్పే మనిషి ఉంది. టైపు చేసేది, ఫైలు తీసేది, సాయంత్రం బల్ల సర్దేది ఆమే. తెర మీదకి వచ్చేటప్పుడు ఫైలు వచ్చింది, ఉత్తరాల బుట్ట వచ్చింది, బల్ల వచ్చింది. ఆమె చేసే పని మెనూల్లోకి, బటన్లలోకి మాయమైంది. వెలుపల నిలబడి అంతరాయాల్ని ఆపే ఆమె పని మాత్రం ఏ మెనూలోనూ రాలేదు. ఎందుకంటే, అది పని అని ఆ బల్లని ఊహించినవాళ్ళకి తట్టలేదు.

మన తెలుగు అనువాదకులు కొందరు డెస్క్‌టాప్‌ని 'రంగస్థలం' అన్నారు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత అది సరైన మాటే అనిపించింది. బల్ల ముందు ఒక్కడే కూర్చుంటాడు. రంగస్థలం మీదకి ఎవరైనా ఎప్పుడైనా వస్తారు. మా ఇంటి లాప్‌టాప్ నిజంగా రంగస్థలమే. పొద్దున అమ్మాయి బడి, మధ్యాహ్నం అత్తయ్య చూసుకునే ప్రవచనాలు, సాయంత్రం కరెంటు బిల్లు, రాత్రి పదకొండు తర్వాత నా వ్యాసం.

ఇక్కడొక మాట ఆగి చెప్పుకోవాలి. ఈ బల్లని మగవాళ్ళే గీశారు, మనం బలయ్యాం అని తేల్చేస్తే అది చరిత్రకి అన్యాయం. మెకింటాష్ తెర మీది తొలి బొమ్మలు గీసింది సూసన్ కేర్. కళాచరిత్రలో డాక్టరేట్ చేసిన మనిషి. గళ్ళ కాగితం మీద 32 అడ్డం, 32 నిలువు గడుల్లో ఒక్కో గడి నింపుతూ చెత్తబుట్టని, నవ్వే కంప్యూటర్ని గీసింది. గళ్ళలో కుట్టే ఎంబ్రాయిడరీ, రాళ్ళు పేర్చే మొజాయిక్ తనకి ముందే అలవాటనీ, ఇదీ అలాంటిదేననీ ఆమె చెప్పుకుంది. మనకైతే ముగ్గు గుర్తొస్తుంది. చుక్కలు పెట్టి, చుక్కల లెక్కకి లోబడి, ఆ లెక్కలోనే స్వేచ్ఛ వెతుక్కోవడం. అంటే ప్రపంచమంతా రోజూ నొక్కే గుర్తుల వెనక స్త్రీల చేతిపనుల తెలివి ఉంది. కానీ చరిత్ర చెప్పేటప్పుడు దాన్ని "అందం" అంటారు, మిగిలినదాన్ని "ఇంజనీరింగు" అంటారు.

ఇదే విభజన ఇంట్లోనూ చూశాను. నేను తెరవెనక బొమ్మ మారిస్తే "అలంకరణ". మా సహోద్యోగి తన తెర మీది పట్టీని పై నుంచి ఎడమకు జరిపి, షార్ట్‌కట్లు మార్చి, దాని గురించి అరగంట మాట్లాడితే "కస్టమైజేషన్". ఇద్దరం చేసింది ఒకటే: రోజంతా ఉండాల్సిన చోటుని ఉండదగ్గట్టు చేసుకోవడం. ఒకరిది సోకు, ఒకరిది సామర్థ్యం ఎలా అయ్యాయో ఈ పత్రిక పాఠకులకి నేను వివరించక్కర్లేదు.

ఇక ఆ ప్రొడక్టివిటీ అన్న మాట. ఉత్పాదకత. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఇంతసేపట్లో ఇన్ని వస్తువులు. ఈ మాట మన వంటింటిదాకా రావడం కొత్త కాదు. 1913లో అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ ఫ్యాక్టరీల కోసం టేలర్ కనిపెట్టిన కాలమానపు లెక్కల్ని ఇంటిపనికి వర్తింపజేస్తూ పుస్తకం రాసింది. ఆమె పుస్తకం చదివిన ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెట్ షుటె-లిహోట్స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కొత్త ఇళ్ళకి వంటిల్లు గీసింది. సుమారు ఆరున్నర చదరపు మీటర్లు. అడుగులు లెక్కపెట్టి ఏది ఎక్కడుండాలో నిర్ణయించింది. పిండికి, పంచదారకి, బియ్యానికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఆమె ఉద్దేశం మంచిదే. చాకిరీ తగ్గితే ఆడవాళ్ళకి కాస్త సమయం మిగులుతుందనుకుంది.

తర్వాతి తరం స్త్రీవాదులు ఆ వంటింటిని మళ్ళీ చదివారు. అది ఒక్క మనిషికే సరిపోయే వంటిల్లు. ఇద్దరు నిలబడితే తగులుకుంటారు. అంటే ఆమె పని సులువైంది, కానీ అది ఆమె ఒక్కదాని పనే అన్న సంగతి గోడల్లో స్థిరపడిపోయింది. 1983లో రూత్ ష్వార్జ్ కోవన్ 'మోర్ వర్క్ ఫర్ మదర్' అన్న పుస్తకంలో ఇంకో అడుగు ముందుకెళ్ళింది. బట్టలుతికే యంత్రాలు, వాక్యూమ్ క్లీనర్లు వచ్చాక అమెరికా గృహిణి పనిగంటలు తగ్గలేదు. శుభ్రత ప్రమాణాలు పెరిగాయి, ఇంతకుముందు సాయం చేసే చేతులు తప్పుకున్నాయి. మిగిలిన సమయం మిగిలిన చోటే ఉండదు, దాన్ని ఎవరో ఒకరు అడుగుతారు.

నా తెర విషయంలోనూ అదే జరిగింది. సర్దుకున్నాక విద్యార్థుల పేపర్లు దిద్దే పని నిజంగానే త్వరగా అయింది. వెంటనే విభాగంలో ఇంకో కమిటీ పని నా మీద పడింది. "మీరు కంప్యూటర్ మీద ఫాస్ట్ కదా మేడమ్" అన్నారు. ఇంట్లో గ్యాస్ బుకింగు, బడి ఫీజులు, పెళ్ళి కార్డు టైపింగు నావయ్యాయి. వేగం పెరిగితే కాలం మనదవుతుందన్న నమ్మకం మీద ఆ మాట బతుకుతోంది. మన అనుభవంలో వేగం పెరిగితే పని పెరుగుతుంది.

అయితే తెరని సర్దుకోవడంలో స్త్రీవాదులకి పనికొచ్చేది ఏమీ లేదా? ఉందని నేను అనుకోవడానికి కారణం ఒక పాత పరిశోధనా పత్రం.

1986లో జిరాక్స్ పరిశోధనాలయంలోనే ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ అనే ఇద్దరు 'రూమ్స్' అన్న వ్యవస్థని ప్రతిపాదించారు. గదులు. వాళ్ళ గమనిక సాదాసీదాగా ఉంటుంది. తెర చిన్నది. తెరిచిన కిటికీలు ఎక్కువ. ఒక పని నుంచి ఇంకో పనికి మారాలంటే మనిషి కిటికీల్ని జరపడం, మూయడం, వెతకడంతోనే సరిపోతుంది. కాబట్టి ఒక్కో పనికి కావలసిన కిటికీలన్నిటినీ ఒక గదిలో పెట్టండి, గదుల మధ్య తలుపులు పెట్టండి అన్నారు. గదులన్నీ ఒకేసారి చిన్న బొమ్మలుగా కనిపించే వీలు పెట్టారు. ఏ గదికెళ్ళినా వెంట రావాల్సినవి ఉంటాయి కదా, వాటికి 'జేబులు' పెట్టారు. ఈ రోజు లినక్స్‌లో వర్క్‌స్పేసులు, 2007లో యాపిల్ తెచ్చిన స్పేసెస్, 2015లో విండోస్ 10తో వచ్చిన వర్చువల్ డెస్క్‌టాప్‌లు, అన్నీ ఈ గదుల చుట్టాలే.

ఈ పత్రం చదువుతుంటే వర్జీనియా వుల్ఫ్ గుర్తురాకుండా ఉంటుందా? 1929లో ఆమె అడిగింది కూడా గదే. కానీ రెండు గదులకీ తేడా చూడండి. హెండర్సన్, కార్డ్ల మనిషికి ఇబ్బంది తన పనులు ఒకదాన్నొకటి తోసుకోవడం. అతనికి అంతరాయం తెర లోపలి నుంచే వస్తుంది. ఒక పని నుంచి ఇంకో పనికి అతను తన ఇష్టప్రకారం, తన సమయానికి వెళ్తాడు. వుల్ఫ్ రచయిత్రికి అంతరాయం గది బయటి నుంచి వస్తుంది. అందుకే ఆమె ఏడాదికి అయిదువందల పౌన్లతో పాటు తలుపుకి తాళం కూడా అడిగింది. తెర మీది గదులకి తలుపులున్నాయి, గడియ లేదు. వాటి రూపకర్తలకి గడియ అవసరం రాలేదు. వాళ్ళ గదికి అది ముందే ఉంది.

ఆ జేబుల మాట కూడా నన్ను వదల్లేదు. మన చీరలకి జేబులుండవు. అయినా ఏ గదికెళ్ళినా వెంట వచ్చేవి మనకీ ఉన్నాయి: స్టవ్ మీద పాలు, అమ్మాయి జ్వరం, అత్తయ్య మాత్రల వేళ, రేపటి కూరకి ఏముందన్న లెక్క. వీటిని తెర మీద ఎక్కడ పెట్టాలి?

వుల్ఫ్ కన్నా ముందే ఒకామె తన ఇంటర్‌ఫేస్‌ని తనకి తగ్గట్టు మార్చుకుంది. ఆ మాట అప్పటికి పుట్టలేదంతే. జేన్ ఆస్టిన్ 1809 నుంచి చాటన్ ఊళ్ళో అందరూ తిరిగే ఇంట్లో కూర్చుని రాసేది. వచ్చేవాళ్ళ కంట పడకుండా చిన్న చిన్న కాగితాల మీద రాసేది. ఆ ఇంట్లో ఒక తలుపు కిర్రుమనేది. బాగు చేయిస్తామంటే వద్దందని 1870లో వచ్చిన జీవితకథలో ఆమె మేనల్లుడు రాశాడు. ఆ కిర్రు వినపడగానే కాగితాలు దాచెయ్యొచ్చు. ఇది సామర్థ్యం పెంచుకునే ఏర్పాటు కాదు. ఎవరూ తీసెయ్యలేని అంతరాయాన్ని కాస్త ముందుగా తెలుసుకుని, రాస్తున్నదాన్ని భద్రంగా పక్కన పెట్టుకునే ఏర్పాటు.

నాకు కావలసింది ఇదేనని అప్పుడు అర్థమైంది. నేను లేవకుండా ఉండలేను. లేస్తాను. కానీ లేచినప్పుడు నేను వదిలింది వదిలినట్టు ఉండాలి, వచ్చినప్పుడు నన్ను గుర్తుపట్టాలి. తెరని తూచాల్సిన తూనిక రాయి ఇది: ఎంత వేగంగా పని చేయిస్తుందని కాదు, అంతరాయం తర్వాత మనల్ని ఎలా వెనక్కి పిలుచుకుంటుందని.

ఆ రాయితో తూచి రెండోసారి సర్దాను. మొదట చేసింది రంగులకీ ఐకాన్లకీ సంబంధం లేనిది. ఒకే లాప్‌టాప్‌లో నాకొక అకౌంటు, మిగిలినవాళ్ళకొకటి పెట్టాను. ఈ సౌకర్యం ఎప్పటి నుంచో ఉంది. అకౌంటు మారినా నా కిటికీలు మూసుకుపోవు. అమ్మాయి తన పేరు నొక్కి క్లాసు వింటుంది, నా వాక్యం వెనకాల అలాగే సగంలో నిలబడి ఉంటుంది. మెషీన్ కొంచెం నెమ్మదిస్తుంది. నెమ్మదించనీ. ప్రొడక్టివిటీ లెక్కలో ఇది నష్టం, నా లెక్కలో లాభం.

గొడవ పాస్‌వర్డ్ దగ్గర వచ్చింది. "ఇంట్లోవాళ్ళ దగ్గర తాళమేంటమ్మా?" అంది అత్తయ్య. మా ఆయన నవ్వుతూనే, "అంటే నేను చూడకూడనివి ఉన్నాయా అందులో?" అన్నారు. "సగం రాసినవి ఉన్నాయి" అన్నాను. నిజానికి అంతకన్నా చెప్పడానికేమీ లేదు. ఆయన ఆఫీసు లాప్‌టాప్‌కి పాస్‌వర్డ్ ఉంటే అది బాధ్యత, నాదానికి ఉంటే రహస్యం. రెండు మూడు రోజులు ఇంట్లో గాలి బరువుగా ఉంది. మనలో చాలామందికి ఆ గాలి తెలుసు. చాలామంది ఆ బరువు మోయలేక పాస్‌వర్డ్ చెప్పేస్తారు, వాళ్ళని నేను తప్పు పట్టను. కొన్ని ఇళ్ళల్లో ఆ ప్రశ్న నవ్వుతూ రాదు.

లాగిన్ తెర పేరు అడుగుతుంది. ఆ ఖాళీ గడి చూసినప్పుడల్లా నాకు పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ గుర్తొస్తుంది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు, అందరినీ అడిగి, చివరికి చిన్ననాటి స్నేహితురాలి నోట శారద అన్న పేరు విని ఊపిరి పీల్చుకుంటుంది. ఆ కథ సామెతలోని సగం మాటనే పేరుగా పెట్టుకుంది. మిగతా సగం మనల్ని పూర్తి చేసుకోమంది. అంతవరకూ మా లాప్‌టాప్ అకౌంటు పేరు "హోమ్". కొన్నది నేను, నా ఫెలోషిప్ డబ్బుతో. ఆ పేరు పెట్టిందీ నేనే.

తర్వాత నాలుగు గదులు పెట్టుకున్నాను. నేను వాడేది లినక్స్‌లో గ్నోమ్. అందులో వర్క్‌స్పేసుల్ని అవసరాన్ని బట్టి పెంచుకుంటూ పోవచ్చు, లేదా ఇన్నే అని బిగించొచ్చు. నాలుగుకి బిగించాను. ఒకటి చదువుకి, రెండోది రాతకి, మూడోది పాఠాలకి, నాలుగోది ఇంటికి. గ్యాసు, ఫీజులు, బిల్లులు, అన్నీ నాలుగో గదిలోనే. ఆ జేబులో బరువుని దించి ఒకచోట పెట్టడం వల్ల అది తగ్గలేదు, కానీ రాసుకునే గదిలో కళ్ళ ముందు లేదు. రాత గదిలో ఒక్క కిటికీయే ఉంటుంది.

మనిషి చెయ్యి గురి చేరడానికి పట్టే కాలం దూరాన్ని బట్టీ, గురి పరిమాణాన్ని బట్టీ ఉంటుందని పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించాడు. ఇంటర్‌ఫేస్ నిర్మాతలందరికీ అది మంత్రం: తరచు వాడేది దగ్గరగా, పెద్దదిగా పెట్టు. నేను దాన్ని తిరగేసి వాడుకున్నాను. మెయిల్‌ని పట్టీలోంచి తీసేశాను. తెరవాలంటే పేరు టైపు చేసి వెతకాలి. ఆ నాలుగైదు సెకన్లలో, ఇది నాకు అవసరమా, ఎవరికో అవసరమా అని ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

భాష సంగతి కూడా సెట్టింగుల్లోనే ఉంది. ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో రాసేవాళ్ళం కీబోర్డు మార్చడం మర్చిపోయి పొరపాటు లిపిలో సగం లైను కొట్టి చెరుపుకుంటూ ఉంటాం. కిటికీకో కీబోర్డు గుర్తుపెట్టుకోమని గ్నోమ్‌కి చెప్పొచ్చు. రాసే కిటికీలోకి వస్తే తెలుగు, నోట్సు కిటికీలోకి వెళ్తే ఇంగ్లీషు. చిన్న విషయమే. కానీ లేచి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ "నేను ఏ భాషలో ఉన్నాను?" అని తడుముకునే పని తప్పింది.

చివరిది అన్నిటికన్నా చిన్నది. లిబ్రేఆఫీస్‌లో ఫైలు తెరిచి షిఫ్ట్, ఎఫ్5 కలిపి నొక్కితే, కిందటిసారి దాచినప్పుడు కర్సర్ ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్తుంది. చాలా రోజులు నా దగ్గర అది పని చేయలేదు. కారణం తెలిశాక కాసేపు మాట రాలేదు. సెట్టింగుల్లో వాడేవారి వివరాల దగ్గర నా పేరు ఖాళీగా ఉంది. పేరు రాస్తేనే, ఈ ఫైలుని కిందటిసారి ముట్టుకున్నది ఈమే అని అది గుర్తుపట్టి ఆగిన చోటికి తీసుకెళ్తుంది. పేరు రాశాను. తీసుకెళ్ళింది.

ఇదంతా చెప్పి, ఇలా చేస్తే మీరూ రాయగలరని ముగిస్తే అది అబద్ధం. గ్లోరియా మార్క్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో అంతరాయాలు కలిగినవాళ్ళు పనిని ఇంకా తక్కువ సేపట్లోనే ముగించారు. దానికి ఒత్తిడి, విసుగు, తొందర రూపంలో మూల్యం చెల్లించారు. బయటి నుంచి కొలిస్తే వాళ్ళ ఉత్పాదకత పెరిగినట్టే. మనల్ని చూసి "ఎలా చేస్తావమ్మా ఇన్ని పనులు!" అని మెచ్చుకునేవాళ్ళు కొలిచేదీ అదే. మూల్యం ఆ కొలతలోకి రాదు.

సెట్టింగులు కాలాన్ని పుట్టించవు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెట్టారు, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు. ఆ పాల్గొన్నవాళ్ళు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. ఏ వర్క్‌స్పేసూ ఈ తేడాని సర్దలేదు. డు నాట్ డిస్టర్బ్ అన్న మీటని తెర మీద నొక్కితే నోటిఫికేషన్లు ఆగుతాయి. వీధి తలుపు కొట్టేవాళ్ళు ఆగరు. అది మాటలతో, పంపకంతో, అవసరమైతే తగాదాతో తేలాల్సిన సంగతి. మా ఇంట్లో రాత్రి గిన్నెలు మా ఆయనవి కావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ అరగంట ఏ మెనూలోనూ దొరికేది కాదు.

ఇంకొకటి కూడా నిజం. పొద్దున మా ఇంట్లో అంట్లు తోమి ఇల్లు తుడిచి వెళ్ళే ఆమె లేకపోతే ఈ వ్యాసం లేదు. 2020లో ఆమె ఇద్దరు పిల్లలూ ఒకే ఫోను మీద, వంతులవారీగా క్లాసులు విన్నారు. రెండు అకౌంట్ల మాట వాళ్ళ దగ్గర ఎత్తడానికి కూడా నాకు మొహం చెల్లదు. తెర సామాన్యమైన మనిషి కోసం గీసిందని చెప్పుకునేవాళ్ళకి ఆ ఫోను కనపడదు. నా గదుల గురించి మాట్లాడేటప్పుడు నాకైనా కనపడాలి. నేను గడియ పెట్టుకున్న గంటలు ఆమె తలుపులు తెరుచుకుని వచ్చిన గంటలే.

అందుకే తెర సర్దుకోవడాన్ని విముక్తి అనను. సోకు అని కొట్టిపారెయ్యను కూడా. ముగ్గు పొద్దున వేస్తే సాయంత్రానికి చెరిగిపోతుంది, రేపు మళ్ళీ వేస్తాం. నా నాలుగు గదులూ అంతే. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మారుతుంది, మళ్ళీ సర్దుకుంటాను. గ్నోమ్‌లో మెషీన్ని పూర్తిగా ఆపేస్తే గదులన్నీ ఖాళీ అయిపోతాయి. కాబట్టి ఆపను, మూత వేస్తాను. ఇవన్నీ చిన్న చిన్న కిర్రు తలుపులు.

మన విమర్శకులు స్త్రీల రచనల్లో విరిగిన వాక్యాల గురించి, ముక్కలు ముక్కలుగా సాగే కథనం గురించి చాలా రాశారు. ఆ విరుపుని శైలి అన్నాం, కొన్నిసార్లు ప్రతిఘటన అన్నాం. అది నిజమే కావచ్చు. కానీ కొన్నిచోట్ల అక్కడ కుక్కర్ కూత కూసి ఉంటుంది, ఎవరో "వద్దు" నొక్కి ఉంటారు. రాసిన చోటుని, రాసిన పనిముట్టుని కూడా కలిపి చదివితేగాని మనకా తేడా తెలియదు. మన రచయిత్రుల్ని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ప్రభావాల గురించి అడుగుతాం. ఏ బల్ల మీద రాశారు, దాన్ని ఇంకెవరు వాడేవారు, లేచి వచ్చాక రాసింది రాసినట్టే ఉండేదా అని కూడా అడుగుదాం.

ఈ వ్యాసం రాస్తూ పదిహేడుసార్లు లేచాను. లెక్కపెట్టాను. పదిహేడుసార్లూ వాక్యం ఉన్నచోటే ఉంది.